విదేశీ బయ్యర్‌తో ఇంగ్లీష్‌లో బేరమాడటం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరులో ఎండుమిర్చి వ్యాపారం. ఇన్నాళ్లూ నాన్నగారు వేరే రాష్ట్రాల వ్యాపారులకే అమ్మేవారు. ఈమధ్య బయటి దేశాలకు కూడా పంపుతున్నాం, ఆ బయ్యర్లతో మాట్లాడే పని నాది. యార్డులో తెలుగులో, ఢిల్లీ వాళ్లతో హిందీలో బేరం బాగానే ఆడతాను. ఇంగ్లీష్ కాల్ అనేసరికి టెన్షన్ వచ్చేస్తుంది. వాళ్లు ఏమడిగినా ‘ఓకే సర్’ అనేస్తున్నాను. ఫోన్ పెట్టేశాక లెక్కేసుకుంటే ఏమీ మిగలట్లేదు. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాలా? లేక నాన్నగారిని కూడా కాల్‌లో కూర్చోబెట్టుకోవాలా?

జవాబు:

క్లాసులో చేరితే నష్టం లేదు, కానీ మీ ఇబ్బంది దానితో తీరదు. ఓకే అనడానికి ఎంత ఇంగ్లీష్ కావాలో, నో అనడానికీ అంతే కావాలి. మరి ఓకే ఎందుకు వచ్చేస్తోంది? ఆ క్షణంలో మీ బుర్ర వాక్యం కట్టుకునే పనిలో ఉంటుంది, లెక్క చేసే పనిలో ఉండదు. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయ చేతిలోకి తీసుకున్నప్పుడు మాటా లెక్కా ఒకేసారి నడుస్తాయి. ఎందుకంటే అక్కడ మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లీష్‌లో ఆ రెండూ జోడుగా నడవవు. అందుకని లెక్క ముందే పూర్తవ్వాలి, కావాల్సిన వాక్యాలు ముందే కాగితం మీద ఉండాలి. కాల్ సమయానికి వినడం అనే పని ఒక్కటే మిగలాలి.

నేను మసాలా దినుసుల ఎగుమతుల్లో చాలా ఏళ్లు బయ్యర్లతో మాట్లాడే పనే చేశాను. నా ఇంగ్లీష్ ఇప్పటికీ తెలుగు యాసలోనే ఉంటుంది. దానివల్ల ఏ బేరమూ చెడిపోలేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. మన మిర్చి కొనేవాళ్లలో చైనా, వియత్నాం, థాయ్‌లాండ్, ఇండోనేషియా, బంగ్లాదేశ్ వాళ్లు చాలామంది. వాళ్లకూ ఇంగ్లీష్ అరువు భాషే. మీరు పొడుగాటి వాక్యాలు, గొప్ప పదాలు వాడితే వాళ్లకే అర్థం కాదు. పొట్టి వాక్యాలతో నెమ్మదిగా మాట్లాడేవాడికే ఈ వ్యాపారంలో సౌకర్యం.

ముందు లెక్క సంగతి. యార్డులో మనం క్వింటాకు రూపాయల్లో ఆలోచిస్తాం. బయ్యర్ టన్నుకు డాలర్లలో అడుగుతాడు. కాల్ మధ్యలో ‘కెన్ యూ డూ ఫిఫ్టీ లెస్?’ అంటే మన చెవికి యాభై అనేది చిన్న అంకెలాగే వినిపిస్తుంది. ఉదాహరణకు తేజ రకం యార్డులో క్వింటా 15,000 రూపాయలు అనుకుందాం. టన్నుకు లక్షా యాభై వేలు. తొడిమ తీసి, తాలు (రంగు పోయిన కాయ) ఏరి, తేమ తరుగు పోతే వంద కిలోలకు తొంభై మిగిలాయనుకోండి, టన్ను ఖరీదు దాదాపు 1,66,700 అయింది. కూలి, ప్యాకింగ్, రేవు దాకా లారీ, కాగితాల ఖర్చు కలిపి ఇంకో 12,000. మొత్తం 1,78,700. డాలర్ 85 రూపాయలు అనుకుంటే టన్నుకు 2,100 డాలర్ల పైచిలుకు. ఇది మీ అసలు, ఇందులో లాభం లేదు. 14 టన్నుల లోడ్‌కి 50 డాలర్లు తగ్గించారంటే 700 డాలర్లు, అంటే దగ్గర దగ్గర 60 వేల రూపాయలు ఒక్క ‘ఓకే సర్’తో వదిలేసినట్టు. మీ అంకెలు వేరుగా ఉంటాయి. కానీ ఈ లెక్క కాల్‌కి ముందు మీ ఎదుట ఉండాలి. 10 డాలర్ల మెట్టు చొప్పున పట్టికలా రాసుకోండి. ఒక్కో మెట్టు దిగితే లోడ్ మొత్తానికి ఎన్ని రూపాయలు పోతాయో పక్కనే వేసుకోండి. యాభై అన్న మాట వినగానే 60 వేలు అన్న అంకె కంటికి కనిపించాలి. అప్పుడు నాలుక మీదకి ఓకే అంత తేలిగ్గా రాదు.

అదే కాగితం మీద ఇంకో వరస కూడా ఉండాలి: అరువు ఖరీదు. ధర మీద గట్టిగా నిలబడి, పేమెంట్ గడువు దగ్గర చేతులెత్తేసేవాళ్లను చాలామందిని చూశాను. బయ్యర్ కూడా ధర తగ్గించమని కాసేపు సతాయించి, ‘సరే, ధర మీరు చెప్పిందే ఉంచండి, నైన్టీ డేస్ ఇవ్వండి చాలు’ అంటాడు. గెలిచామనుకుని మనం ఒప్పుకుంటాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుంటే, 2,100 డాలర్ల మీద 90 రోజుల వడ్డీ 62 డాలర్లు. అంటే 50 డాలర్ల తగ్గింపు కంటే ఇదే ఖరీదైనది. పైగా డబ్బు వస్తుందో రాదో అన్న గుబులు వేరే. 30 రోజులకైతే 21 డాలర్లు. ఈ అంకెలు ముందే తెలిసి ఉంటే మీరే ఎదురు అడగగలరు: అడ్వాన్స్ పెంచితే ధర ఇంత తగ్గిస్తాను అని. చాలామంది బయ్యర్లకు మనకంటే తక్కువ వడ్డీకి డబ్బు దొరుకుతుంది. కాబట్టి ఈ మార్పిడి వాళ్లకు నష్టం కాదు, మనకు లాభం.

ఇక భాష. మీకు ముఖ్యంగా కావాల్సింది ఒకే ఒక్క వాక్య నిర్మాణం: ‘ఇఫ్ యూ..., వి కెన్...’. మీరు అది చేస్తే మేం ఇది చేయగలం. ఏ తగ్గింపూ ఈ చట్రం బయట ఇవ్వకండి.

‘ఇఫ్ యూ కన్ఫర్మ్ త్రీ కంటైనర్స్, వి కెన్ లుక్ ఎట్ ట్వెంటీవన్ సిక్స్టీ.’ (టన్నుకు 2,160 డాలర్లు అని.)
‘ఇఫ్ యూ పే థర్టీ పర్సెంట్ అడ్వాన్స్, వి కెన్ హోల్డ్ దిస్ ప్రైస్ టిల్ ఫ్రైడే.’
‘ఇఫ్ యూ యాక్సెప్ట్ మార్చ్ షిప్‌మెంట్, వి కెన్ రెడ్యూస్ ఎ లిటిల్.’

వరస ముఖ్యం. ముందు వాళ్లు చేయాల్సింది, తర్వాత మనం ఇచ్చేది. తిరగేసి ‘వి కెన్ రెడ్యూస్ ఫిఫ్టీ, ఇఫ్ యూ...’ అని మొదలుపెడితే అవతలివాడు యాభై దగ్గరే ఆగిపోతాడు. షరతు వినిపించుకోడు, వినిపించినా పట్టించుకోడు. ఇంకో సూక్ష్మం: ‘వి విల్ గివ్’ కంటే ‘వి కెన్ లుక్ ఎట్’ మెత్తగా ఉంటుంది, మాట ఇచ్చేసినట్టు కాదు. బేరం తెగే ఆఖరి నిమిషం దాకా రెండోదే వాడండి.

కాదనడానికి కూడా వాక్యం తయారుగా పెట్టుకోండి. మనకు మొహం మీద కాదనడం అలవాటు లేదు. ‘చూద్దాం లెండి’ అంటాం, ఎదుటి తెలుగువాడికి అది కుదరదని అర్థమైపోతుంది. అదే ధోరణిలో ‘వి విల్ ట్రై సర్’ అంటే జర్మనీ వాడో, డచ్ వాడో సరేనన్నారని రాసుకుంటాడు. మరుసటి వారం ‘మీరు ఒప్పుకున్నారు కదా’ అంటాడు. అతని తప్పేమీ లేదు. అలాగని నేరుగా ‘నో, నాట్ పాజిబుల్’ అంటే తలుపు మూసేసినట్టు. మధ్యేమార్గంగా నేను ఎక్కువగా వాడిన వాక్యం ఇది: ‘ఐ కెనాట్ డూ దట్ ప్రైస్ ఆన్ దీజ్ టర్మ్స్.’ ఈ షరతుల మీద ఆ ధర కుదరదు. ధరకు స్పష్టంగా కాదన్నట్టే, కానీ షరతులు మార్చుకుందామన్న పిలుపు అందులోనే ఉంది. దీన్ని అద్దం ముందు కాదు, ఫోన్ చేతిలో పట్టుకుని నడుస్తూ గట్టిగా అనడం అలవాటు చేసుకోండి. నోటికి పట్టిన వాక్యమే టెన్షన్‌లో బయటికి వస్తుంది.

తర్వాత ప్రశ్నలు. యార్డులో ‘ఎందుకయ్యా అంత తక్కువ అడుగుతావు’ అంటే చనువు. ‘వై యూ ఆర్ ఆస్కింగ్ సో లో?’ అంటే నిలదీసినట్టు ఉంటుంది. దాని బదులు ‘హౌ డిడ్ యూ అరైవ్ ఎట్ దట్ నంబర్?’ అని అడగండి. జవాబులో సమాచారం వస్తుంది: వేరే ఎగుమతిదారు కొటేషన్ ఉందా, వాళ్ల దేశంలో ధర పడిపోయిందా, లేక ఊరికే రాయి విసిరాడా. ఊరికే విసిరినవాడు ఈ ప్రశ్నకు తడబడతాడు. నిజంగా ఇంకో కొటేషన్ ఉన్నవాడిని వెంటనే అడగాల్సినవి: ఏ రకం, తొడిమతోనా, తొడిమ తీసినదా, తేమ ఎంత శాతం, ఏ నెల షిప్‌మెంట్, డబ్బు ఎప్పుడు. తేజ ధరను వేరే రకం ధరతో, తొడిమ తీసిన కాయ ధరను తొడిమ ఉన్న కాయ ధరతో పోల్చడం బయ్యర్లకు మామూలే. అదేమీ మోసం కాదు, బేరం.

అలాగే మనం మాటల్లో ‘మస్ట్’, ‘హ్యావ్ టు’ ఎక్కువ దొర్లిస్తాం. తెలుగులో ‘మీరు అడ్వాన్స్ ఇవ్వాలండి’ అంటే ఆ ‘అండి’ మర్యాద చూసుకుంటుంది. ఇంగ్లీష్‌లో ‘యూ హ్యావ్ టు గివ్ అడ్వాన్స్’ అంటే ఆర్డర్ వేసినట్టే. ‘వి వుడ్ నీడ్ థర్టీ పర్సెంట్ అడ్వాన్స్’ అంటే అడిగింది అంతే, గొంతు మాత్రం మారింది. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ కూడా మానేయండి. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, వాళ్లకు అనుమానం. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అంటే సరిపోతుంది. భాష మీద ఇంతకంటే ఎక్కువ మరమ్మతులు పెట్టుకోకండి. గ్రామర్ తప్పులు ఎవరూ లెక్కపెట్టరు.

అంకెలు మాత్రం లెక్కపెడతారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒక్కలాగే వినిపిస్తాయి. ‘వన్ ఫైవ్, ఫిఫ్టీన్’ అని రెండుసార్లు చెప్పండి, వాళ్ల చేతా చెప్పించండి. లక్షలు, కోట్లు బయటివాళ్లకు తెలియవు, ‘హండ్రెడ్ థౌజండ్’ అనాలి. తారీఖును 03/04 అని రాస్తే అమెరికా వాడికి మార్చి 4, మనకు ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయండి. టన్ను అన్న ప్రతిచోటా మెట్రిక్ టన్ను అనండి. అమెరికాలో షార్ట్ టన్ను అని ఒకటుంది, 907 కిలోలు.

నిశ్శబ్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మీరు ధర చెప్పారు. అవతల మాట లేదు. మూడు నాలుగు సెకన్లు గడిచేసరికి మనకు కంగారు పుడుతుంది, ‘బట్ వి కెన్ అడ్జస్ట్ సర్’ అని మనంతట మనమే జారిపోతాం. అతను ఏమీ అడగలేదు, గమనించారా? బహుశా స్క్రీన్ మీద డాలర్ రేటు చూసుకుంటున్నాడు. లేదా పక్కవాడితో మ్యూట్‌లో మాట్లాడుతున్నాడు. పూర్వం పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవారు, పైకి ఒక్క మాట ఉండేది కాదు. మాటల్లేకుండా బేరం చేయడం మనవాళ్లకు కొత్త విద్యేమీ కాదు. ధర చెప్పాక నీళ్ల గ్లాసు అందుకోండి. తాగుతున్నంతసేపూ మాట రాదు.

వెంటనే తేల్చమని ఒత్తిడి చేస్తే: ‘లెట్ మీ రన్ ద నంబర్స్ అండ్ కమ్ బ్యాక్ టు యూ బై ఫోర్, యువర్ టైమ్.’ ఇందులో పనిచేసేది చివరి ముక్క. గంట చెప్పారు కాబట్టి తప్పించుకుంటున్నట్టు ఉండదు. చెప్పిన గంటకు తప్పకుండా జవాబు పంపాలి, కుదరదన్న జవాబైనా సరే.

ఇప్పుడు ఫోన్ పెట్టేశాక చేసే పని. నా దృష్టిలో సగం బేరం ఇక్కడే ఉంది, మాట్లాడే ఇంగ్లీష్ బలహీనంగా ఉన్నవాళ్లకు ఇదే పెద్ద దన్ను కూడా. కాల్ అయిన గంటలోపు మీరే మెయిల్ రాయండి. అవతలివాడు రాసేదాకా ఆగకండి, రాసినవాడి మాటే రికార్డు అవుతుంది. ఇలా ఉంటే చాలు:

‘థాంక్ యూ ఫర్ ద కాల్. దిస్ ఈజ్ వాట్ వి డిస్కస్డ్. తేజ, స్టెమ్‌లెస్, మాయిశ్చర్ మ్యాక్సిమమ్ టెన్ పర్సెంట్. ఫోర్టీన్ మెట్రిక్ టన్స్. ప్రైస్ ట్వెంటీవన్ సిక్స్టీ డాలర్స్ పర్ మెట్రిక్ టన్, ఎఫ్‌ఓబీ చెన్నై. థర్టీ పర్సెంట్ అడ్వాన్స్, బ్యాలెన్స్ అగెయిన్‌స్ట్ కాపీ ఆఫ్ బిల్ ఆఫ్ లేడింగ్. దిస్ ఆఫర్ ఈజ్ వ్యాలిడ్ టిల్ ఫ్రైడే, సబ్జెక్ట్ టు అవర్ ఫైనల్ కన్ఫర్మేషన్.’

ఎఫ్‌ఓబీ అంటే సరుకు మన రేవులో ఓడ ఎక్కేదాకా అయ్యే ఖర్చే ధరలో ఉంటుంది. బిల్ ఆఫ్ లేడింగ్ అంటే సరుకు ఓడ ఎక్కిందని ఓడ కంపెనీ ఇచ్చే రసీదు. మేం చివరిగా ఖరారు చేస్తేనే అన్న ఆఖరి వాక్యం అలంకారం కాదు. మెయిల్లో ‘కన్ఫర్మ్’ అన్నారంటే సంతకం పెట్టినట్టే అవ్వచ్చు. దుబాయ్‌కి చెందిన ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం మధ్య బాక్సైట్ సరఫరా వివాదంలో 2010లో మన సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. పూర్తి కాంట్రాక్టు మీద సంతకాలు కాలేదు. కానీ మెయిళ్లలో ఆఫర్, అంగీకారం స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఒప్పందం కుదిరినట్టేనని చెప్పింది. కెనడాలోని సస్కాచువాన్‌లో ఇంకా వింత కేసు నడిచింది. ధాన్యం కొనే కంపెనీ ఒక రైతుకు అవిసె గింజల కాంట్రాక్టు ఫొటో పంపి కన్ఫర్మ్ చేయమంది. ఆయన బొటనవేలు ఎమోజీ పెట్టాడు. అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు. అది సంతకంతో సమానమేనని 2023లో కోర్టు తీర్పు ఇచ్చింది, దాదాపు 82 వేల కెనడా డాలర్ల పరిహారం కట్టమంది. మనవాళ్లు వాట్సాప్‌లో ప్రతిదానికీ బొటనవేలు చూపించే అలవాటు మీకు తెలుసు కదా. బయ్యర్ పంపిన ధరకు, షరతులకు ఎమోజీ పెట్టకండి. ‘రిసీవ్డ్, విల్ రివ్యూ అండ్ రిప్లై’ అని టైప్ చేయండి.

మెయిల్ రాయడానికి ఏఐ టూల్ వాడుకోవచ్చా అని చాలామంది కుర్రాళ్లు అడుగుతుంటారు. వాడుకోండి, తప్పులు దిద్దించడానికి. మొత్తం దానిచేతే రాయిస్తే రెండు చిక్కులు. మీరు అనని హామీలు మర్యాద కోసం చేర్చేస్తుంది, ‘వి గ్యారంటీ ద హైయెస్ట్ క్వాలిటీ’ లాంటివి. సరుకు బాగాలేదని క్లెయిమ్ (పరిహారం కోరుతూ ఫిర్యాదు) వచ్చినప్పుడు అదే వాక్యం మీ మెడకు చుట్టుకుంటుంది. రెండోది, మెయిల్లో న్యాయవాదిలా, ఫోన్లో తడబడుతూ కనిపిస్తే బయ్యర్ ప్రతిదీ ఫోన్లోనే తేల్చడానికి చూస్తాడు. ఎక్కడ మీరు మెత్తగా ఉన్నారో అతనికి తెలిసిపోయింది మరి.

కొన్ని వ్యాపార పదాలకు డబ్బు విలువ ఉంటుంది, వాటిని అర్థంతో సహా నేర్చుకోవాలి. మీరు ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతానని బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) మీద అమ్ముతున్నారనుకోండి. బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం, పరిమాణం ముందు, మొత్తం సొమ్ము ముందు ‘ఎబౌట్’ లేదా ‘అప్రాక్సిమేట్లీ’ అని ఉంటే 10 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. మిర్చి లాంటి సరుకులో కంటైనర్‌లోకి ఎంత పడుతుందో ముందే కచ్చితంగా చెప్పలేం కదా, ఆ మాట అడిగి పెట్టించుకోండి. రెండుచోట్లా ఉండాలి. పరిమాణానికి పెట్టి సొమ్ముకు పెట్టకపోతే, ఎక్కువ సరుకు వెళ్లినా దానికి డబ్బు రాదు. అలాగే సీఐఎఫ్ ధర (సరుకు, ఇన్సూరెన్స్, ఓడ అద్దె కలిపిన ధర) చెబితే సరుకు వాళ్ల రేవు చేరేదాకా రిస్క్ మనదేనని చాలామంది అనుకుంటారు. కాదు. మన రేవులో ఓడ ఎక్కగానే రిస్క్ బయ్యర్‌ది. ఓడ అద్దె, ఇన్సూరెన్స్ ఖర్చు మాత్రం మనది. ‘అదే ధరకు సీఐఎఫ్ చేయండి’ అని తేలిగ్గా అడిగితే తేలిగ్గా తీసుకోకండి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో నౌకల మీద దాడులు మొదలయ్యాక ఐరోపా వెళ్లే ఓడలు చాలావరకు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, అద్దెలు కొద్ది వారాల్లోనే ఎగిసిపోయాయి. అప్పటికే సీఐఎఫ్ ధర ఇచ్చి కూర్చున్నవాళ్ల సంగతి ఊహించుకోండి. ‘సీఐఎఫ్ ఈజ్ పాజిబుల్, విత్ ఫ్రైట్ ఎట్ యాక్చువల్స్’ అన్నది ఇక్కడ మీకు కావాల్సిన వాక్యం, అంటే ఓడ అద్దె అప్పుడు అసలు ఎంతైతే అంత.

అన్నిటికంటే కష్టమైన ఇంగ్లీష్ బేరం సరుకు అమ్మేటప్పుడు కాదు, సరుకు చేరాక వస్తుంది. ‘మాయిశ్చర్ ఎక్కువ, ఎనిమిది శాతం తగ్గించండి, లేకపోతే వెనక్కి పంపుతాం’ అని మెయిల్. సాధారణంగా ధరలు పడిపోయిన నెలల్లోనే ఇలాంటివి ఎక్కువ వస్తాయని నా అనుభవం. మన చేయి అలవాటుగా ‘వి ఆర్ వెరీ సారీ ఫర్ ద క్వాలిటీ’ అని టైప్ చేస్తుంది. ఆ వాక్యం రాయకండి. మర్యాదకు రాసినా, అది నాణ్యత బాగాలేదని మీరే ఒప్పుకున్న కాగితం అవుతుంది. ‘వి టేక్ దిస్ సీరియస్లీ’ అని మొదలుపెట్టి, కావాల్సినవి అడగండి: ఏ తేదీన శాంపిల్ తీశారు, ఎవరి సమక్షంలో, ఏ ల్యాబ్, రిపోర్ట్ కాపీ, కంటైనర్ నంబర్ కనిపించే ఫొటోలు, ఎన్ని సంచుల్లో తేడా. అంకెలు వచ్చాకే శాతాల గురించి మాట. అసలు ఈ గొడవకు మందు ముందే వేసుకోవాలి. నాణ్యత ఎక్కడ ఫైనల్ అన్నది అమ్మేటప్పుడే తేల్చండి. మన రేవులో సర్వేయర్ శాంపిల్ తీసి సీల్ వేసిన రిపోర్టే ఫైనలా, వాళ్ల రేవులో పరీక్షా? ఐరోపా యూనియన్‌కు పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. బూజు విషం సరుకంతా ఒకేలా పరుచుకుని ఉండదు, ఒక సంచిలో లేనిది పక్క సంచిలో ఉండొచ్చు. శాంపిల్ ఎలా తీశారన్న దాన్నిబట్టే రిపోర్టు మారిపోతుంది. ధర మీద 10 డాలర్లు వదిలేసైనా ‘క్వాలిటీ ఫైనల్ ఎట్ లోడ్ పోర్ట్’ అన్న మాట సంపాదించండి. బయ్యర్ దానికి ఒప్పుకోకపోతే ఆ 10 డాలర్లు వదలకండి. ఒప్పుకున్నా, ఐరోపా రేవులో అధికారులు సరుకు ఆపితే ఆ మాట వాళ్లను ఆపదు. అది మీకూ బయ్యర్‌కూ మధ్య మాటే.

సాధన ఎలా అంటే, ఇంట్లో తమ్ముడినో బావమరిదినో బయ్యర్‌గా కూర్చోబెట్టండి. అతని చేతికి ఒక కాగితం ఇవ్వండి, అందులో మీకు తెలియని రహస్య ధర ఒకటి అతనే రాసుకోవాలి. మొదట తెలుగులో బేరం ఆడండి. వెంటనే అదే బేరం ఇంగ్లీష్‌లో ఆడండి. ఫోన్లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. తెలుగులో మీరు ఎక్కడ ఆగారు, ఎక్కడ ఎదురు ప్రశ్న వేశారు, ఎక్కడ లేచి వెళ్లిపోతానన్నారు? ఇంగ్లీష్‌లో ఆ చోట్ల ఏమైంది? చాలామందికి ఇంగ్లీష్ రికార్డింగ్‌లో ఎదురు ప్రశ్నలే ఉండవు. ఆ ఖాళీల్లోకి కావాల్సిన వాక్యాలనే తయారు చేసుకోండి, పుస్తకంలోవి కాదు. నా లెక్కన డజను వాక్యాలు దాటవు. ఇంగ్లీష్ సినిమాలు చూడమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, చూడండి, బాగుంటాయి. బేరానికి పనికిరావు.

ఇది చదివే ఉద్యోగస్తులకూ రెండు ముక్కలు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్‌తో మాట్లాడేవాళ్ల ఓకే కూడా ఇదే జాతిది. ‘కెన్ యూ డెలివర్ బై ఫ్రైడే?’ అంటే యస్ అని, తర్వాత టీమ్‌తో శనివారం, ఆదివారం కూడా పని చేయించడం. అక్కడా చట్రం అదే: ‘ఇఫ్ వి మూవ్ ద రిపోర్ట్స్ టు నెక్స్ట్ వీక్, ఫ్రైడే ఈజ్ పాజిబుల్.’ జీతం బేరంలో హెచ్‌ఆర్ అంకె చెప్పాక వచ్చే నిశ్శబ్దంలో థాంక్యూ అనేయకుండా, మూల వేతనం ఎంత, బోనస్‌లో కచ్చితంగా వచ్చేది ఎంత అని విడదీసి అడగండి. మొత్తం అంకె మీద కంటే ముక్కల మీద బేరం తేలిక.

నాన్నగారి సంగతి. తప్పకుండా కూర్చోబెట్టుకోండి. ఆయనకు ఇంగ్లీష్ రాకపోయినా నష్టం లేదు. ఎన్నో సీజన్లు ధరలు ఎక్కి దిగడం చూసిన మనిషి, గొంతులో తొందర ఉందా, ఊరికే వాకబు చేస్తున్నాడా అన్నది మీకంటే ముందే పసిగడతారు. మీరు ఇందాకటి పట్టిక ఆయన ముందు పెట్టండి, ఏ మెట్టు దగ్గర ఆగాలో ఆయన వేలితో చూపిస్తే చాలు. ‘ఐ నీడ్ టు చెక్ విత్ మై ఫాదర్’ అని కూడా నిజాయితీగా చెప్పొచ్చు, కుటుంబ వ్యాపారాల్లో అది అందరికీ అర్థమయ్యే మాటే. ప్రతి చిన్నదానికీ అంటే మాత్రం, అయితే మీ ఫాదర్‌తోనే మాట్లాడతానంటాడు. రవాణా, ప్యాకింగ్, శాంపిళ్లు మీ చేతిలో, ఆఖరి ధర ఆయన చేతిలో అని ఇంట్లోనే పంచుకోండి.

ఒక్క జాగ్రత్త. కాల్ మధ్యలో మీరిద్దరూ తెలుగులో ‘ఇంకో ఇరవై దాకా దిగొచ్చు’ అనుకోవద్దు. దుబాయ్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో కొనుగోలు విభాగాల్లో మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, కాల్‌లో కెమెరా ఆపేసుకుని కూర్చున్నవాడు ఏ తెనాలి అబ్బాయో కావచ్చు. మ్యూట్ నొక్కి, అది నిజంగా పడిందో లేదో చూసుకుని, అప్పుడు మాట్లాడుకోండి.